వరద చూడ్డానికి ఎందుకు వెళ్తాం?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారన్న వార్త రాగానే కోనసీమలో ఏటిగట్ల మీదకి జనం చేరడం మొదలవుతుంది. ఇసుక బస్తాలు వేసేవాళ్లూ, లంకల్లోంచి పశువుల్ని గట్టెక్కించేవాళ్లూ పని మీద వస్తారు. మిగతావాళ్లకి అక్కడ ఏ పనీ ఉండదు. బండి పక్కన పెట్టి, పిల్లల్ని చంకనేసుకుని, చూడ్డానికే వస్తారు. వచ్చిన కొత్తలో మాటలు నడుస్తాయి. రేవులో ఎన్ని మెట్లు మునిగాయి, భద్రాచలంలో ఎంత ఉంది, ఎల్లుండికి లాగుతుందా. తర్వాత ఒక్కొక్కరే మాట ఆపేస్తారు. ఒక పక్క ఎర్రనీరు దుంగల్నీ గుర్రపుడెక్కనీ మోసుకుంటూ పోతుంటుంది. రెండో పక్క, ఆ నీటిమట్టం కన్నా కింద, ఇళ్లూ కొబ్బరితోటలూ ఉంటాయి. మధ్యలో ఉన్నది మట్టిగట్టు.

మొదటి హెచ్చరిక ఇచ్చేది నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతున్నప్పుడు. 2022 జులైలో 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు. ఆ లెక్కన 1986లో ఒక్కో సెకనుకు దాదాపు పది కోట్ల లీటర్ల నీరు ధవళేశ్వరం దాటింది. ఈ అంకె చదివితే మనసులో ఏమీ కదలదు. గట్టు మీద నిలబడితే కదులుతుంది. అలా కదిలేదాన్నే ఇక్కడ అబ్బురం అంటున్నాను. అది ఎందుకు కలుగుతుంది, కలిగినప్పుడు మనలో ఏమవుతుంది, రోజూ గోదారి ఒడ్డునే బతికేవాళ్లకి ఎందుకు కలగడం మానేస్తుంది అన్నవి నాకు ముఖ్యమైన ప్రశ్నలు. పండగపూట కలిగే చిన్న సరదాగా దీన్ని తీసిపారేయడం పొరపాటని నా నమ్మకం.

మనస్తత్వ శాస్త్రం ఈ విషయాన్ని చాలాకాలం పట్టించుకోలేదు. భయం, కోపం, దుఃఖం మీద లెక్కలేనన్ని పరిశోధనలు వచ్చాయి గానీ దీని మీద పెద్దగా రాలేదు. 2003లో అమెరికాలో డాకర్ కెల్ట్నర్, జొనాథన్ హైట్ అనే ఇద్దరు ఒక వ్యాసంలో దీనికి రెండు లక్షణాలు చెప్పారు. ఒకటి, మన కొలతకి అందనిదేదో ఎదురుపడాలి. రెండోది, దాన్ని లోపలికి తీసుకోవడానికి మన బుర్రలో ఇదివరకే ఉన్న అమరిక సరిపోకపోవాలి. అప్పుడు మనసు తన అమరికనే మార్చుకోవాల్సి వస్తుంది. ఈ రెండో లక్షణమే అసలైనదని నాకు అనిపిస్తుంది. మొదటిది ఒక్కటే ఉంటే దాన్ని 'పెద్దది' అని ఊరుకుంటాం.

పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీదున్న అక్విడెక్టు చూడండి. కింద నది పారుతుంది. దాని మీదుగా వంతెనలాంటి తొట్టెలో కాలువ పారుతుంది. ఆ నీళ్లు అవతల లంకలో పొలాలకి పోతాయి. నీళ్లు పల్లానికి పోతాయి, నది అన్నిటికన్నా పల్లంలో ఉంటుంది అని తెలిసిన పిల్లవాడికి, నీళ్ల మీద నీళ్లు అడ్డంగా దాటిపోవడం మొదటిసారి చూసినప్పుడు బుర్రలో ఏదో ఒకటి జరగాలి. ఎత్తులో అది మహా కట్టడమేమీ కాదు. అంతకన్నా ఎత్తైన అపార్టుమెంట్లు రాజమండ్రిలో ఉన్నాయి. వాటిని చూసి ఎవరూ నోరు తెరవరు, ఎందుకంటే అవి మనకి తెలిసిందాన్నే మరికొన్ని అంతస్తులు పెంచి చూపిస్తాయి.

అబ్బురాన్ని దాని ఇరుగుపొరుగు నుంచి విడదీసి చూడాలి. చీకట్లో కాలికి తాడు తగిలి ఉలిక్కిపడటం ఆశ్చర్యం. తాడని తెలియగానే అది పోతుంది, లోకం యథాప్రకారం ఉంటుంది. పంట కోతకొచ్చిన చేను అందంగా ఉంటుంది, చూసి సంతోషిస్తాం, కానీ ఆ సంతోషానికి మన ఆలోచనలో ఏదీ తారుమారు కావక్కర్లేదు. అబ్బురంలో ఆశ్చర్యమూ ఉండొచ్చు, అందమూ ఉండొచ్చు. వాటితో పాటు 'దీన్ని నేనెలా అర్థం చేసుకోవాలి' అన్న ఖాళీ ఒకటి తెరుచుకుంటుంది. ఆ ఖాళీయే మనుషుల్ని గట్టు మీద మౌనంగా నిలబెడుతుంది.

ఈ విషయాన్ని గమనించినవాళ్లలో పాశ్చాత్యులు మొదటివాళ్లు కారు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాల్లో అద్భుతం ఒకటి. దానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి ఆధారంగా నిలిచే భావం, విస్మయం. అది కలిగినవాడిలో కనిపించే గుర్తుల్ని కూడా ఆయన చెప్పాడు. కళ్లు విప్పారడం, రెప్ప వేయకపోవడం, ఒళ్లు గగుర్పొడవడం, కన్నీళ్లు, చెమట, భళా అనడం. ఈ గగుర్పాటు ఎలా వస్తుందో ఇప్పుడు తెలుసు. ప్రతి రోమం మొదట్లో ఒక సన్నటి కండరం ఉంటుంది. మన ప్రమేయం లేకుండా పనిచేసే నాడీవ్యవస్థ దాన్ని బిగిస్తే రోమం నిక్కబొడుచుకుంటుంది. చలికి బిగిసేదీ, భయానికి బిగిసేదీ అదే కండరం. గొప్ప కచేరీలో పాట అందుకోగానే చేతుల మీద వెంట్రుకలు లేచినా పని చేసింది అదే.

శరీరం సంగతి అంతటితో వదిలేసి 'నేను' అనే భావం దగ్గరికి వద్దాం. పరిశోధకుల దృష్టి ఎక్కువగా పడింది అక్కడే. అమెరికాలో యోసెమిటీ అనే పెద్ద కొండలోయ ఉంది. అక్కడికి వచ్చిన యాత్రికుల్ని కాగితం మీద తమ బొమ్మ గీయమన్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలో రద్దీగా ఉండే ఒక రేవు బజారులో తిరుగుతున్నవాళ్లనీ అలాగే గీయమన్నారు. లోయ దగ్గర గీసినవాళ్లు తమని చిన్నగా గీసుకున్నారు. ఇది 2017లో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు ఇంకో ప్రయోగం జరిగింది. కాలేజీ ఆవరణలో రెండొందల అడుగుల పైన పెరిగిన యూకలిప్టస్ చెట్ల కేసి ఒక్క నిమిషం తలెత్తి చూడమని కొందరికి చెప్పారు. మరికొందర్ని పక్కనున్న భవనం చూడమన్నారు. తర్వాత ఒక మనిషి అటుగా వస్తూ చేతిలో పెన్నులు జారవిడిచాడు. చెట్లు చూసినవాళ్లు ఎక్కువ పెన్నులు ఏరి ఇచ్చారు.

పెన్నులు ఏరినంత మాత్రాన మనుషులు మారిపోయారనడానికి లేదు. నిమిషం చూపు ఎన్ని గంటలు నిలుస్తుందో ఆ ప్రయోగం చెప్పదు. అయినా ఇలాంటివి వేర్వేరు చోట్ల, వేర్వేరు పద్ధతుల్లో చేసినప్పుడు ఒకే వైపు చూపిస్తుంటే వినాల్సిందే. 2019లో నెదర్లాండ్స్‌లో మెదడు స్కానింగ్ చేస్తూ అబ్బురపరిచే వీడియోలు చూపించారు. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు చురుగ్గా ఉండే మెదడు భాగాల పని ఆ సమయంలో తగ్గింది. అప్పు కిస్తీ, అమ్మాయి కాలేజీ సీటు, తోడికోడలు అన్న మాట, నడుము నొప్పి ఇవన్నీ రోజంతా నడిచే 'నా' సంగతులు. వరద చూస్తున్న పావుగంటలో అవి ఎక్కడికీ పోవు, కాసేపు గొంతు తగ్గిస్తాయి. టెన్షన్ పడే మనిషికి ఆ పావుగంట ఎంత విలువైందో చెప్పనక్కర్లేదు.

ఇక్కడొక ఇబ్బంది ఉంది, దాన్ని దాటవేయకూడదు. అదే వరద, అదే గంట, గట్టు మీద ఉన్నవాడికి ఒకలా, లంకలో ఇంటి కప్పు మీద ఉన్నవాడికి ఇంకోలా ఉంటుంది. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమని తుపాను కొట్టినప్పుడు వెయ్యి మందికి పైగా చనిపోయారు. తోటలకి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి. ఆ గాలి కూడా కొలతకి అందనిదే. ఆ మర్నాటి ఉదయం కూడా మనుషుల మనసులోని అమరికని తలకిందులు చేసిందే. దాన్ని అబ్బురం అని పిలవాలంటే నోరు రాదు. కొందరు పరిశోధకులు దీన్ని బెదురుతో కూడిన అబ్బురంగా విడిగా పరిశీలించారు. అందులో మనిషి చిన్నవాడు కావడమే కాకుండా నిస్సహాయుడు కూడా అవుతాడని, మామూలు అబ్బురం వల్ల కలిగే సంతృప్తి అక్కడ కలగదని తేలింది. భరతుడు అద్భుతాన్నీ భయానకాన్నీ వేర్వేరు రసాలుగా పెట్టాడు. రెండింటిలోనూ రోమాంచం ఉంది. తేడా కాలి కింద నేల గట్టిగా ఉందా లేదా అన్న దాంట్లో ఉంది. కాబట్టి వరదని 'కనువిందు'గా రాసే పత్రికా శీర్షికలు చూస్తే నాకు బాధ కలుగుతుంది. చూసేవాడి అదృష్టం మునిగినవాడికి లేదని రాసేవాళ్లకి గుర్తుండాలి.

ఈ భావం మంచికీ చెడుకీ రెండింటికీ లొంగుతుంది. 'నేను' కాసేపు చిన్నదైన చోట ఎవరైనా వచ్చి తమ జెండానో తమ ముఖాన్నో అక్కడ పెద్దగా నిలబెట్టొచ్చు. రాజులు కోటలు ఎత్తుగా కట్టింది శత్రువుల కోసమే కాదు. ఇప్పటి కటౌట్ల వెనకున్న లెక్క కూడా అదే. ఒళ్లు గగుర్పొడిచిందంటే ఎదుట ఉన్నది మంచిదని రుజువైనట్టు కాదు. ఆ క్షణంలో ఎవరో మనల్ని ఏదో అడుగుతుంటే, మర్నాడు పొద్దున్న జవాబు చెప్పడం మేలు.

గుంపులో కలిగే అబ్బురానికి డెల్టాలో గొప్ప ఉదాహరణ కనుమనాటి ప్రభల తీర్థం. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. వెదురు చట్రానికి రంగురంగుల బట్టలు కట్టి, ఎత్తుగా అలంకరించిన ప్రభని మనుషులు భుజాల మీద మోస్తారు. దారి ఉంటే దారిలో, లేకపోతే పచ్చటి చేలకి అడ్డంగా. తన చేను తొక్కుడు పడిందని రైతు నొచ్చుకోడు, అది భాగ్యం అనుకుంటాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటే చోట జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. మోసేవాళ్లు నీళ్లలో దిగుతారు, కాళ్లు బురదలో కూరుకుంటాయి, ప్రభ ఒక పక్కకి ఒరుగుతుంది, గట్టు మీదున్నవాళ్లంతా ఒక్క గొంతుతో అరుస్తారు, అది మళ్లీ నిలబడుతుంది. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఈ తీర్థాన్నే చూపించారు. శకటం మీద అందం కనిపించింది. ఒరిగి నిలబడటం మాత్రం కౌశిక గట్టునే చూడాలి.

1912లో ఫ్రెంచి సమాజ శాస్త్రవేత్త ఎమీల్ డర్కైమ్ ఇలాంటి ఘడియల గురించి రాశాడు. ఒకే చోట చేరి, ఒకే పని చేస్తూ, ఒకే లయలో కదిలే మనుషుల్లో ఒక ఉప్పెనలాంటి శక్తి పుడుతుందని, అది తమలోంచే పుట్టినా తమకి పైనున్న దాంట్లోంచి వచ్చినట్టు వాళ్లకి తోస్తుందని ఆయన వివరణ. ప్రభ కింద భుజం పెట్టినవాణ్ణి అడిగితే 'స్వామి లేపాడు' అంటాడు. ఆ రెండు మాటల మధ్య తీర్పు చెప్పాల్సిన అవసరం నాకు కనబడదు. ఒక్కడి వల్ల కానిది లేచింది, అది మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. కెల్ట్నర్ బృందం 26 దేశాల్లోని మనుషుల్ని, మీకు అబ్బురం కలిగిన సందర్భం రాయమని అడిగింది. 2,600 అనుభవాలు వచ్చాయి. కొండలు, సముద్రాలు, గుళ్లు మొదటి స్థానంలో ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. అవి ఉన్నాయి, మొదటి స్థానంలో మాత్రం లేవు. మనుషులు అన్నిటికన్నా ఎక్కువగా రాసింది ఇతర మనుషుల గురించి. ఎవరో చూపించిన దయ, ఎవరో చేసిన సాహసం, తట్టుకోలేని కష్టాన్ని ఎవరో తట్టుకున్న తీరు.

ఇది చదివినప్పుడు నాకు భరతుడి మాట ఇంకోటి గుర్తుకొచ్చింది. నాలుగు రసాల నుంచి మిగతా నాలుగు పుడతాయని ఆయన అన్నాడు. శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణ, బీభత్సం నుంచి భయానకం. మరి అద్భుతం దేన్నుంచి? వీరం నుంచి. వీరుడు చేసిన పనే చూసేవాడికి అద్భుతమవుతుంది. ఆ వీరం మూడు రకాలని కూడా నాట్యశాస్త్రం చెబుతుంది. యుద్ధవీరం ఒక్కటే కాదు, దానవీరం, ధర్మవీరం కూడా. కత్తి పట్టనివాళ్లు కూడా వీరులే అన్నమాట. 26 దేశాలవాళ్లు రాసిన అనుభవాలకీ ఈ పాత సూత్రానికీ పొంతన కుదరడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపించింది.

డెల్టాలో దానవీరం అంటే డొక్కా సీతమ్మ గారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో కాపురం చేసి, 1909లో కన్నుమూసే దాకా వచ్చినవాళ్లకి వచ్చినట్టు అన్నం పెట్టిన మనిషి. అప్పట్లో లంకల్లో ప్రయాణం అంటే పడవ కోసం ఎదురుచూపులు, వరదొస్తే రోజుల తరబడి ఆగిపోవడం. వేళ కాని వేళ తలుపు తట్టినవాళ్లకి కూడా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆవిడ గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. ఎన్నాళ్లుగానో అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి వెళ్లాలనుకుని, ఒకరోజు బయలుదేరారట. దారిలో విశ్రాంతికి ఆగినచోట ఒక పెళ్లిబృందం మాటలు చెవిన పడ్డాయి. ఆకలితో ఏడుస్తున్న పిల్లలకి, కాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారింట్లో అన్నం దొరుకుతుందని పెద్దవాళ్లు చెబుతున్నారు. ఆవిడ ప్రయాణం మానుకుని, వాళ్లకన్నా ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు.

ఈ కథలో పెద్ద కట్టడం లేదు, పెద్ద నది లేదు. కొలతకి అందనిది ఏది మరి? మనందరి బుర్రలో ఒక లెక్క ఉంటుంది. ఇన్నాళ్లు పెట్టాం, ఈ ఒక్కరోజు మనకోసం, అదీ దేవుడి కోసం. ఎవరూ తప్పుపట్టని లెక్క అది. ఆవిడ వెనక్కి తిరగ్గానే ఆ లెక్క చాలకుండా పోతుంది. ఇంకో అమరిక కావాలి. పరిశోధకులు చెప్పిన రెండో లక్షణం ఇదే. పి.గన్నవరం అక్విడెక్టుకి ఆవిడ పేరు పెట్టారు. 2024 నుంచి రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆవిడ పేరే. పేరు చదువుతూ అన్నం తినే పిల్లలకి అంతర్వేది కథ కూడా చెప్పాలని నా కోరిక. పేరు ఒక్కటే అయితే అది బోర్డు మీద అక్షరాలుగా మిగిలిపోతుంది.

మరి రోజూ నది పక్కనే ఉంటే అబ్బురం ఎందుకు తగ్గుతుంది? మెదడు పొదుపరి. ఒకసారి అమర్చుకున్నదాన్ని మళ్లీ అమర్చదు. గోదారి వంతెన మీద రైలు వెళ్తుంటే కొత్తవాళ్లు కిటికీ దగ్గరికి వస్తారు, రోజూ వెళ్లేవాళ్లు ఫోన్లోంచి తలెత్తరు. ఇది వాళ్ల తప్పు కాదు. ప్రతి ఉదయం గోదారిని చూసి నిశ్చేష్టులైపోతే ఆఫీసుకి చేరేదెప్పుడు?

అయితే ఈ తగ్గుదలని కొంత వెనక్కి తిప్పొచ్చని చెప్పే ప్రయోగం 2020లో వచ్చింది. అమెరికాలో వర్జీనియా స్టర్మ్ అనే పరిశోధకురాలి బృందం వయసు మళ్లినవాళ్లని ఎనిమిది వారాల పాటు వారానికి ఒకసారి పావుగంట నడవమంది. సగం మందికి అదనంగా ఒక్క మాట చెప్పింది. నడిచేటప్పుడు, ఇదివరకు చూడనిదాన్ని చూస్తున్నట్టు చూడండి అని. అందరూ సెల్ఫీలు తీసుకోవాలి. ఆ మాట చెప్పించుకున్నవాళ్ల సెల్ఫీల్లో వారాలు గడిచేకొద్దీ వాళ్ల ముఖం ఫోటోలో తక్కువ చోటు తీసుకుంది, చుట్టూ ఉన్నది ఎక్కువ కనిపించింది, నవ్వు పెరిగింది. పాల్గొన్నది కొద్దిమందే, కాబట్టి దీన్నుంచి మందు చీటీ రాయకూడదు. ఖర్చు లేని పని కాబట్టి ప్రయత్నించడానికి అడ్డూ లేదు.

'కొత్తగా చూడండి' అన్న సలహా ఒక్కటే అయితే నాకు చాలదు. ఎలా చూడాలి? నా అనుభవంలో దానికి దారి తెలుసుకోవడం. తెలిస్తే అబ్బురం పోతుందని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. డెల్టాలో కాలి కింద మట్టినే తీసుకోండి. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వస్తుంది. ఎగువన అది కోసుకొచ్చే నల్లరాయి ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట లావాగా పొంగి గడ్డకట్టింది. ఆ రాయి అరిగి, ఒండ్రుగా మారి, వేల ఏళ్ల పాటు సముద్రంలో పోగుపడితే ఈ నేల అయింది. కోనసీమలో సముద్రానికి దూరంగా, లోపలెక్కడో ఇసుక మెరకలు కనిపిస్తాయి. ఒకప్పుడు అలలు తాకిన ఒడ్లు అవి. సముద్రం ఉన్నచోట ఊరుంది, ఊరి చావడి ఉంది. ఇప్పుడు ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి కిందకి రావడం తగ్గింది, తీరం కొన్నిచోట్ల కోసుకుపోతోంది. ఇది తెలిశాక దాళ్వా నాట్లకి దమ్ము చేసిన మడిని చూస్తే, తెలియకముందు చూసినట్టు చూడలేం.

పులస కూడా అంతే. వరద గోదారిలో నీరంతా సముద్రం వైపు తోసుకుపోతుంటే, ఆ చేప సముద్రంలోంచి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి పైకొస్తుంది. ధరల గురించి ప్రతి ఏడూ మాట్లాడుకుంటాం. ఉప్పునీటికి అలవాటైన శరీరం మంచినీటిలోకి రావడానికి ఒంట్లో ఉప్పు లెక్కంతా తిరగరాసుకోవాలన్న సంగతి ఎవరూ మాట్లాడరు.

అలాగే లాకులు. కాకినాడ నుంచి చెన్నపట్నం దాకా పడవల్లో సరుకు పోయిన రోజుల్లో కట్టినవి. కాలువ ఎత్తు మారే ప్రతిచోటా రెండు జతల తలుపుల మధ్య పడవని నిలిపి, నీళ్లు నింపి ఎత్తేవారు, వదిలి దించేవారు. పాత లాకుల తలుపులు తిన్నగా మూసుకోవు, రెండు రెక్కలూ ఎగువ వైపుకి మొన తేలి కలుస్తాయి. ఎందుకలా పెట్టారో అక్కడుండే లస్కరుని అడిగితే చెబుతాడు. పైనుంచి వచ్చే నీటి బరువే ఆ రెక్కల్ని ఒకదానికొకటి నొక్కి మూసి ఉంచుతుంది. నీళ్లు ఎంత పెరిగితే తలుపు అంత గట్టిగా బిగుస్తుంది.